నెల తప్పకముందే ఆ తలుపు తట్టండి: ఆశా అక్కలకు, ఏఎన్ఎం అమ్మలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలో ఊరూరా తిరిగే ఆశా అక్కలకు, ఏఎన్ఎం అమ్మలకు నమస్కారం.

నేను కళ్యాణదుర్గంలో మందుల షాపు నడుపుతున్నాను. మీలో కొందరికి నా ముఖం తెలిసే ఉంటుంది. అత్తగారి మోకాళ్ల నొప్పులకు ఆయింట్‌మెంట్ కొనడానికి వచ్చి, రిజిస్టర్ల సంచీ కౌంటర్ మీద పెట్టి, రెండు నిమిషాలు ఫ్యాన్ కింద నిలబడి వెళ్లినవాళ్లున్నారు. ఆ సంచీలోని ఒక రిజిస్టరు గురించే ఈ లేఖ. అర్హులైన దంపతుల రిజిస్టరు, అంటే పిల్లల్ని కనే వయసులో ఉన్న జంటల పేర్లు రాసుకునేది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పదకొండేళ్ల కిందట నా పెళ్లయ్యేనాటికే ఈ షాపు ఉంది. ఎడమ వైపు రెండో అరలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రల డబ్బా ఉండేది. ఒక్కో మాత్రకు టీ ఖరీదులో సగం కూడా పడదు. డాక్టరు చీటీ తెచ్చిన గర్భిణులకు రోజూ ఆ డబ్బాలోంచే తీసి ఇచ్చేవాణ్ణి. నా భార్యకు నెల తప్పి, పట్టీ పరీక్షలో రెండు గీతలు వచ్చి, ఆమె సిగ్గుపడుతూ మా అమ్మకు చెప్పి, అమ్మ మంచిరోజు చూసి డాక్టరమ్మ దగ్గరికి పంపేసరికి తొమ్మిదో వారం వచ్చింది. ఆ సాయంత్రం అదే డబ్బాలోంచి మొదటి స్ట్రిప్పు ఇంటికి తీసుకెళ్లాను. నా అంత బాధ్యత గల మొగుడు లేడనుకున్నాను కూడా. అప్పటికే మూడు వారాలు ఆలస్యమైపోయిందని నాకు తట్టలేదు. ఫార్మసీ చదివేటప్పుడు ఈ ముక్క చదివే ఉంటాను. పరీక్ష రాశాక మర్చిపోయే చదువు అది.

మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే స్పైనా బిఫిడా.

ఇదేమిటో మా ఇంట్లో అందరికంటే తేలిగ్గా చెప్పేది నా భార్యే. కజ్జికాయ చేసేటప్పుడు గమనించండి అంటుంది. పూరీ పరిచి, మధ్యలో కొబ్బరి, చక్కెర పెట్టి, అంచులు దగ్గరికి మడిచి నొక్కుతాం. ఎక్కడైనా అంచు అతుక్కోకపోతే నూనెలో వేయగానే అక్కడే విచ్చుకుంటుంది. కడుపులో బిడ్డ వెన్ను కూడా మొదట పరిచిన పూరీలాంటి పలుచని పొరే. అది రెండు వైపులా లేచి, మడతపడి, గొట్టంలా మూసుకుంటుంది. పైకొస మెదడవుతుంది, కింది భాగమంతా వెన్నుపాము. దీన్నే న్యూరల్ ట్యూబ్ అంటారు. పైకొస మూసుకోకపోతే అనెన్‌సెఫలీ, ఆ బిడ్డలు బతకరు. కింద ఎక్కడైనా మూసుకోకపోతే స్పైనా బిఫిడా. ఆ అంచులు సరిగా అతుక్కోవడానికి తల్లి ఒంట్లో ఫోలిక్ యాసిడ్ సరిపడా ఉండాలి.

ఈ పనంతా బిడ్డ కడుపులో పడిన 28 రోజుల్లోపే అయిపోతుంది. మీ కార్డులో రాసే లెక్క ప్రకారం, అంటే చివరి ముట్టు తేదీ నుంచి చూస్తే, ఆరో వారానికి ముగిసిపోతుంది. నెల తప్పిందని తెలిసే రోజుకే నాలుగు వారాలు గడిచిపోయాయి కదా. మిగిలింది రెండు వారాలు. ఆ రెండు వారాలు మన ఇళ్లలో ఎలా గడుస్తాయో మీకు చెప్పాలా? ఎండకు వేడి చేసిందేమో, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అనుకుంటుంది కోడలు. పెళ్లయిన రెండో నెల నుంచి ఊరంతా "ఏమైనా విశేషమా?" అని అడుగుతూనే ఉంటారు గానీ, విశేషమే అని తేలేసరికి వెన్ను మూసుకోవడమో, మూసుకోకపోవడమో జరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని మాత్రలు మింగినా దాన్ని మార్చలేం.

12 వారాల్లోపు గర్భం నమోదు చేయించడానికి మీరు ఎంత తిరుగుతారో నాకు తెలుసు. రక్తహీనతకు, బీపీకి, ఇంకా చాలా వాటికి అది కావలసిందే. వెన్ను విషయంలో మాత్రం అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

నేను కొత్త పథకం ఏమీ అడగడం లేదు. 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ (రక్తహీనత లేని భారత్) మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది. గర్భానికి ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని. నాలుగో నెల నుంచి మీరిచ్చే ఐరన్ మాత్ర సంగతి అందరికీ కంఠోపాఠం. దానికి ముందున్న ఆ ఒక్క లైను ఎవరి నోటా వినిపించదు.

"ఎర్ర మాత్ర ఇస్తున్నాం కదా" అంటారేమో. ఆడవాళ్లకు వారానికొకటి ఇచ్చే ఆ ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ఏడు రోజులకు పంచితే రోజుకు 71. "రేషన్ బియ్యంలో కలిపారు కదా" అని ఇంకొకరు నాతో వాదించారు. ఫోర్టిఫైడ్ బియ్యం కిలోలో ఉండాల్సింది 75 నుంచి 125 మైక్రోగ్రాములు. మనిషికి నెలకు అయిదు కిలోలు అనుకుని, ఎక్కువ అంకే పట్టుకున్నా రోజుకు 21 దాటదు. ఇక పుంటికూర, పాలకూర, పప్పు. రోజూ తినమనే చెప్పండి. కానీ ఆకుకూరల్లో ఈ విటమిన్ ఉండే రూపం, ఫోలేట్, ఉడికేటప్పుడు చాలావరకు పోతుంది. రోజుకు 400 కావాలంటే మాత్రే దారి.

ఈ మాత్ర కథలో మనవాడొకరున్నారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బు బలిగొంది, ఆయన్నూ పీడించింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను మొదటిసారి తయారుచేసిన బృందాన్ని నడిపింది ఆయనే, 1945లో. అప్పటికి దీనికీ వెన్నుకూ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. ఆ రుజువు 1991లో వచ్చింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో చేసిన పరిశోధన అది. అప్పటికే ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మొదటి కాన్పు వాళ్లలోనూ పనిచేస్తుందని మరుసటి ఏడాది హంగరీ నుంచి రుజువు వచ్చింది. మాత్రను మొదట తయారుచేయించింది తెలుగువాడు. మన కోడళ్లకు మాత్రం అది మూడో నెలలో చేరుతోంది.

ఎందుకు చేరదో నేను కౌంటర్ వెనక నుంచి చూసినంతలో చెబుతాను. మా షాపుకు వచ్చే ఒక ఆశా అక్కను ఒకసారి అడిగాను, మీ ఊళ్లో ఈ ఏడు పెళ్లయిన పిల్లలు ఎంతమంది అని. వేళ్ల మీద పేర్లతో సహా చెప్పింది. వాళ్లు మీ రిజిస్టర్లో ఉన్నారా అంటే, "వాళ్లు అత్తగారి ఊరికి పోయినారు కదా సార్" అంది. మరి మీ ఊరికి వచ్చిన కోడళ్లో? "వాళ్లకింకా ఏం లేదు కదా, నెల తప్పినాక రాసుకుంటాం." పుట్టింటి ఊళ్లో పేరు కొట్టేస్తారు, అత్తింటి ఊళ్లో ఇంకా రాయరు. ఆ మధ్యలో ఉన్న మూడు నాలుగు నెలలే వెన్నుకు కావలసిన నెలలు. బెంగళూరుకు వలస పోయిన జంటలైతే ఏ రిజిస్టర్లోనూ ఉండరు.

ఇక్కడే ఒక ఉపాయం తోస్తోంది. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లంతా పుట్టింటికి వస్తారు. నెల రోజులు అక్కడే ఉంటారు, తీరికగా ఉంటారు, అత్త పక్కన ఉండదు కాబట్టి నోరు విప్పి మాట్లాడతారు. ఆ పిల్ల చిన్నప్పుడు టీకాలకు ఏడ్చింది కూడా మీ ముందే. ఆ నెలలో ఆ ఇంటికి ఒక్కసారి వెళ్లి రండి. బిడ్డ కావాలనుకోవడానికి కనీసం ఒక నెల ముందు మొదలుపెట్టమనండి, రెండు మూడు నెలల ముందైతే మరీ మంచిది. అత్తింటి ఊరి ఆశాకు ఒక ఫోన్ చేయండి. కోడలు రెండు ఊళ్ల లెక్కలోనూ ఉంటే పోయేదేమీ లేదు.

మీకు ఒక అడ్డు వస్తుంది, అది ముందే చెబుతాను. కొత్త కోడలు రోజూ మాత్ర వేసుకుంటుంటే అత్తగారు అనుమానపడుతుంది, పిల్లలు పుట్టకుండా వేసుకుంటోందని. ఒకావిడ స్ట్రిప్పు పట్టుకుని నా షాపుకే వచ్చి నిలదీసింది. ఇది పిల్లల్ని ఆపే మాత్ర కాదమ్మా, మనవడి వెన్ను గట్టిపడే మాత్ర అంటే అప్పుడు చల్లబడింది. కోడలికి చెప్పిన రోజే అత్తకూ చెప్పేయండి.

కొందరికి 400 సరిపోదు. ముందు కాన్పులో ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లు, మూర్ఛకు మందులు వాడుతున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు. వీళ్లకు డాక్టర్లు పదింతలు, అంటే 4 లేదా 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. మూర్ఛ మందుల్లో వాల్‌ప్రోయేట్ ఈ విషయంలో బాగా ప్రమాదకరం. కానీ గర్భం అనగానే భయపడి దాన్ని టక్కున మానేయకూడదు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లి కుదిరినప్పుడే డాక్టరుకు చూపించి మందు మార్పించుకోవాలి. మీ ఊళ్లో మూర్ఛ ఉన్న ఆడపిల్ల ఎవరో మీకు తెలుసు. వాళ్లింట్లో జబ్బు సంగతి దాచి పెళ్లి చేస్తారని కూడా మీకు తెలుసు. అందుకే ఆ మాట మీరే చెప్పగలరు.

మా పాప పుట్టినప్పుడు చుట్టాలు చెప్పిన కారణాలు రాస్తే ఇంకో లేఖ అవుతుంది. గ్రహణం నాడు బయటికొచ్చింది అన్నారు. మా నాయన ఎప్పుడో పామును కొట్టాడన్నారు. మాది మేనరికం కాకపోయినా, మేనరికమేనా అని అడగనివాడు లేడు. ఈ జబ్బుకు ఇదీ అని ఒక్క కారణం లేదు. జన్యువులు కొంత, తిండి కొంత, మందులు, షుగర్, ఊబకాయం కొంత. మాత్ర వేసుకున్నా కొందరికి వస్తుంది. వేసుకోని వాళ్లలో చాలామందికి రాదు. కాబట్టి మాత్ర గురించి చెప్పే నోటితోనే, బిడ్డ పుట్టిన ఇంట్లో తల్లిని "నువ్వు వేసుకోలేదా?" అని మాత్రం అడగొద్దు. నా భార్య ఆ ప్రశ్నకు రెండేళ్లు నిద్రపోలేదు. రెండో బిడ్డకు మూడు నెలల ముందు నుంచే 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంది, బాబు ఏ లోపమూ లేకుండా పుట్టాడు. మాత్ర వల్లే అని ప్రమాణం చేయలేను. ఒకసారి వచ్చిన తల్లికి మళ్లీ వచ్చే ప్రమాదం నూటికి రెండు మూడే, వేసుకోకపోయినా బహుశా బాగానే పుట్టేవాడు. అయినా ఆ తొమ్మిది నెలలు ఆమె నిద్రపోగలిగింది.

ఇక బిడ్డ పుట్టాక మీరు వెళ్లే మాట. మూడో రోజు, ఏడో రోజు అంటూ 42వ రోజు దాకా మీరు ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తారు. బరువు, జ్వరం, బొడ్డు చూస్తారు. ఒక్కసారి బిడ్డను బోర్లా తిప్పి వీపు కూడా చూడండి. మెడ నుంచి పిర్రల చీలిక దాకా.

పెద్ద గడ్డ ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. తెలియనిది చిన్నది. నడుము కింద వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, మెత్తటి కొవ్వు గడ్డ, ఎర్రటి మచ్చ. ఇవి ఉంటే చర్మం కింద వెన్ను సరిగా మూసుకోలేదేమో చూపించాలి. పైకి కనిపించకుండా ఎముక మాత్రమే అతక్కపోతే దాన్ని స్పైనా బిఫిడా అకల్టా అంటారు. పదిమందిలో ఒకరిద్దరికి ఉంటుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. నడుం నొప్పికి ఎక్స్‌రే తీయించుకుని, రిపోర్టులో ఈ పేరు చూసి కంగారుగా షాపుకు వచ్చేవాళ్లకు టీ ఇప్పించి పంపుతుంటాను. కానీ పైన చెప్పిన గుర్తులున్న పిల్లల సంగతి వేరు. వాళ్లలో కొందరికి వెన్నుపాము కింద అంటుకుపోయి ఉంటుంది. పిల్ల ఎదిగేకొద్దీ అది లాగుతుంది. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతుంది, పాదం వంకర తిరుగుతుంది. దాన్ని విడదీసే ఆపరేషన్ ఉంది. ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాదు.

స్పైనా బిఫిడాలో అకల్టా ఒక రకమైతే, రెండోది మెనింగోసీల్. వీపు మీద నీటి సంచి ఉంటుంది, అందులో పొరలూ నీరూ తప్ప వెన్నుపాము ఉండదు. ఆపరేషన్ చేస్తే పిల్లలు చాలావరకు బాగుంటారు. మూడోది మా పాపది, మైలోమెనింగోసీల్. నరాలే బయటికి వచ్చేస్తాయి. అది ఎంత పైన ఉంటే కాళ్ల బలం అంత పోతుంది. మా పాపకు నడుము కింది భాగంలో కాబట్టి మోకాళ్లు పనిచేస్తాయి, పాదాలు పనిచేయవు. కాలిపర్లు వేసుకుని నడుస్తుంది, పరిగెత్తుతున్నానని కూడా అంటుంది.

ఇలాంటి గడ్డతో బిడ్డ పుడితే మొదటి గంటల్లో చేయాల్సింది కొంచెమే. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ గడ్డ మీద కప్పి, అది ఆరిపోకుండా చూసుకుంటూ, బిడ్డను బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి పంపాలి. ఒకటి రెండు రోజుల్లో మూసేయాలి, లేకపోతే క్రిములు నేరుగా మెదడుకు పాకుతాయి. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో జేజి ప్రేమగా పసుపు, నూనె రాసి ఆరు రోజులు ఇంట్లోనే పెట్టుకుంది. ఆ బిడ్డ దక్కలేదు.

పుట్టకముందే తెలుసుకునే దారి కూడా ఉంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్‌లో ఇది చాలావరకు కనిపిస్తుంది. మాకు ఆ స్కాన్ ఉన్న వారమే మా మరదలి పెళ్లి. తర్వాత పోదాంలే అనుకుని ఏడో నెలలో పోయాం. ఆ స్కాన్ వాయిదా వేసే ఇంట్లో కొంచెం గట్టిగానే మాట్లాడండి. అప్పుడు తెలిస్తే ఏం చేయాలనేది ఆ దంపతులు డాక్టర్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. 2021లో మారిన గర్భస్రావ చట్టం ప్రకారం తీవ్రమైన లోపం ఉంటే 24 వారాల తర్వాత కూడా గర్భం తీసేయడానికి మెడికల్ బోర్డు అనుమతించవచ్చు. కడుపులో ఉండగానే వీపు మూసే ఆపరేషన్ కూడా ఉంది. 2011లో అమెరికాలో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది నిండేసరికి తలలో నీరు దించే షంట్ అవసరమైన పిల్లలు 82 శాతం నుంచి 40 శాతానికి తగ్గారు. అది మాలాంటి వాళ్ల అందుబాటులోకి వచ్చేసరికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో గానీ, ముందే తెలిస్తే కనీసం కాన్పు ఎక్కడ జరగాలో నిర్ణయించుకోవచ్చు. మేం ఆ ఒక్కటైనా చేయగలిగాం. కాన్పు బెంగళూరులో జరిగింది, రెండో రోజున ఆపరేషన్ అయింది.

షంట్ అంటే తలలో చేరే నీటిని పొట్టలోకి దించే సన్నని గొట్టం, చర్మం కిందుగా వెళ్తుంది. దాని కవాటం కనిపెట్టినవాళ్లలో జాన్ హోల్టర్ అని ఒక తండ్రి ఉన్నాడు. ఫిలడెల్ఫియా దగ్గర తాళాల కంపెనీలో పనిముట్లు చేసే మనిషి. కొడుకు 1955లో ఈ జబ్బుతోనే పుట్టాక ఇంట్లో కూర్చుని తయారుచేశాడు. ఆ సంగతి చదివిన రోజు నా రెండో అర డబ్బాను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

పాపకు నాలుగేళ్లప్పుడు ఒక రోజు ఉదయం నుంచి వాంతులు. ఏదో తిని ఉంటుందని సిరప్ నేనే పోశాను. రెండో రోజుకు నిద్రమత్తు. అది షంట్ మూసుకుపోయిన లక్షణం. ఇంకో పూట ఆగి ఉంటే... మీ ఊళ్లో షంట్ ఉన్న బిడ్డకు తలనొప్పి, వాంతులు, మగత ఏది వచ్చినా, పసిబిడ్డకు మాడు ఉబ్బినా, కళ్లు కిందికి వాలిపోయినా కడుపు మందు ఇవ్వొద్దు. నేరుగా 108కు ఫోన్ చేయండి.

అన్నిటికంటే మనవాళ్లు పట్టించుకోనిది మూత్రం. కారుతూనే ఉంది కదా, లోపల నిలవ లేదని అనుకుంటారు. కారేది నిండి పొర్లేది మాత్రమే కావచ్చు. లోపల ఒత్తిడి పెరిగి కిడ్నీలకు ఎదురు తన్నుతుంది. ఒకప్పుడు ఈ పిల్లలు పెద్దయ్యాక పోయేది ఎక్కువగా కిడ్నీలు చెడే. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే డాక్టరు ఒక మామూలు పద్ధతి చూపించాడు. మూడు నాలుగు గంటలకోసారి శుభ్రమైన సన్నని గొట్టం పెట్టి ఖాళీ చేసి, తీసేయడం. ఆపరేషన్ థియేటర్ శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో కడిగిన చేతులు చాలు. మొదట నా భార్య చేసేది. ఇప్పుడు పాప అద్దం పెట్టుకుని తనే చేసుకుంటుంది. మీ ఊళ్లో ఇలాంటి బిడ్డ డైపర్లతోనే పెరుగుతుంటే ఒక్కసారైనా కిడ్నీల స్కాన్ తీయించండి. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం, ఆర్‌బీఎస్‌కే, చూసే లోపాల జాబితాలో మొదటి పేరు ఈ జబ్బుదే. జిల్లా కేంద్రానికి ఆ పథకం కిందే పంపవచ్చు. సదరం, పింఛన్ సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు.

రెండు చిన్న మాటలు. ఈ పిల్లల్లో చాలామందికి రబ్బరు పడదు. బర్త్‌డే బెలూన్లు, మామూలు గ్లౌజులు కూడా. టీకా వేసేటప్పుడు రబ్బరు లేని గ్లౌజులు వాడండి. ఇంకోటి, పాదాలకు స్పర్శ ఉండదు. ఒక మే నెలలో గుడిలో చెప్పులు విప్పి తాడిపత్రి నల్ల బండల మీద నడిచింది మా పాప. ఇంటికొచ్చి సాక్సు తీస్తే రెండు అరికాళ్లూ బొబ్బలు. ఆమెకు ఏమీ తెలియలేదు. దేవుడికి దండం పెట్టడానికి ఇప్పుడు సాక్సు కింద మెత్తటి చెప్పులతోనే పోతున్నాం. పూజారి గారు ఏమీ అనలేదు.

ఈ లేఖ రాస్తుంటే పాప పక్కన కూర్చుని చదివింది. నా పేరు రాయొద్దు అంది. రాయలేదు. స్కూల్లో ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదని, గొట్టం పెట్టుకునేంతసేపు స్నేహితురాలు బయట తలుపు పట్టుకుని నిలబడుతోందని, ఆశా అక్కలకు చెబితే సర్పంచికి చెబుతారేమో అడుగు అంది. అడుగుతున్నాను.

ఇట్లు,
రెండో అరలో మాత్రల డబ్బా పెట్టుకుని కూడా ఆలస్యం చేసిన
ఒక మందుల షాపు మనిషి,
కళ్యాణదుర్గం